ఇచ్చినవాళ్ళకు దక్కేది

మా ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పొద్దుటి నుంచి కొత్త బండికి రంగు వేస్తున్నారు. ఎనామిల్ వాసన, దాంతో పాటు టర్పెంటైన్ ఘాటు, కిటికీ మూసినా లోపలికి వస్తూనే ఉన్నాయి. పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి తలనొప్పి అంటూ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే రామకోటయ్య గారు కళ్ళ ముందుకు వస్తారు. మిట్టమధ్యాహ్నం, ఆస్పత్రి ఆవరణలో, తెల్లపంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, చేతిలో కుంచె పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి. ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు ఆయనెవరో చెప్పాలి.

తెలుగు సరిహద్దు దాటాక వచ్చే జగదల్‌పూర్‌లో ఆయనది కిరాణా టోకు దుకాణం. నేను సరిహద్దు మీది కొంట ఊళ్ళో మా నాన్న బట్టల కొట్లో పెరిగినదాన్ని. చదువు కోసం జగదల్‌పూర్ వచ్చి, అది అయ్యాక ఆయన దుకాణంలో బిల్లులు కొట్టే పనికి కుదిరాను. మాకు దూరపు చుట్టం, వరసకు బాబాయి. దుకాణంతో పాటు ఆయన ఇంకో పని చూసేవారు. సుక్మా, బీజాపూర్ జిల్లాల లోపలి పల్లెల నుంచి జబ్బు చేసినవాళ్ళను మా ఊరి పెద్దాసుపత్రికి తెస్తారు. బతికినవాళ్ళు బస్సెక్కి ఇంటికి పోతారు. పోయినవాళ్ళను బస్సు ఎక్కించుకోదు. అద్దె బండి పెట్టే శక్తి వాళ్ళకు ఉండదు. ఒకసారి ఆస్పత్రి గేటు దగ్గర ఒక తల్లి, బిడ్డ శవాన్ని ఒడిలో పెట్టుకుని పొద్దంతా కూర్చోవడం చూసి బాబాయి నలుగురైదుగురు వర్తకులను పోగేసి, చిన్న సంస్థ ఒకటి పెట్టి, ఒక పాత వ్యాను కొన్నారు. ఒకాయన డీజిల్ పోయిస్తాడు, ఒకాయన టైర్లు చూస్తాడు, బట్టల కొట్టాయన తెల్లగుడ్డ ఇస్తాడు. బండి నడిపేది లింగయ్య. శవాన్ని ఊరు చేర్చడం, అంతే పని. నేను బిల్లుల నుంచి మెల్లగా ఆ పనిలోకి జారిపోయాను.

ఇచ్చినవాళ్ళకు కృతజ్ఞత చెప్పడం నా వంతుకు వచ్చింది. చదువుకున్నదాన్ని కదా అని నాకే ఒప్పజెప్పారు. అనాథాశ్రమానికి ఇస్తే పిల్లలు పలకలు పట్టుకుని నవ్వుతున్న ఫోటో పంపవచ్చు. బడికి ఇస్తే బడి చూపించవచ్చు. శవవాహనానికి ఇచ్చినవాళ్ళకు ఏం చూపిస్తాం? నేను వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ మీద రెండు చేతులు జోడించిన గుర్తు పెట్టి, 'మీ ఔదార్యానికి శతకోటి వందనాలు' అని హిందీలోనూ తెలుగులోనూ పంపేదాన్ని. శతకోటి దరిద్రాలకు అనంతకోటి ఉపాయాలన్నట్టు, ఒక్క నొక్కుడుతో అందరికీ వెళ్ళిపోయేది. బాబాయి ఆ బొమ్మను కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఫోను నాకు తిరిగి ఇచ్చేసి, "పువ్వు బాగున్నది," అన్నారు.

ఆయన పద్ధతి వేరు. ఒక్కో ప్రయాణం ఇచ్చినవాళ్ళలో ఒక్కరి పేరున వేసేవారు. ఇది డీజిల్ ఇచ్చినాయనది, అది గుడ్డ ఇచ్చినాయనది అని మనసులో అనుకునేవారు. ఆ కుటుంబం దినాలు పూర్తి చేసుకునే దాకా ఆగేవారు. ఏడుపు ఇంట్లో ఉండగా మన గొప్ప మనం చెప్పుకోకూడదనేవారు. ఆ తరవాత, పని మీద వెళ్ళినట్టుగా ఆ దుకాణానికి వెళ్ళి, గిరాకీ పలచబడే దాకా ఓ పక్కన కూర్చుని, మూడో మనిషి లేనప్పుడు ఆ ప్రయాణం మొత్తం చెప్పేవారు. పోయిందెవరు, ఏ ఊరు, దారి ఎక్కడి దాకా ఉంది, అక్కడి నుంచి ఎవరు మోసుకుపోయారు, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారు. చెప్పడం అయ్యాక, "ఈ ప్రయాణం నీది," అని లేచి వచ్చేవారు.

నాకు ఇదంతా చాదస్తం అనిపించేది. వారానికి ఒకరిని చొప్పున పలకరిస్తూ పోతే మిగతావాళ్ళు మరిచిపోరా అని వాదించాను. "నీ పువ్వు అందరికీ పోతున్నది కద, వాళ్ళకు అది చాలు," అన్నారు. ఆయన వేళాకోళం అలాగే ఉండేది, ఉప్పు తక్కువా కారం ఎక్కువా.

తోంగ్‌పాల్ దగ్గర టైర్ల దుకాణం నడిపే యాదవ్ అనే ఆయన ఉన్నాడు. ఓసారి సుక్మా అవతల ఊరికి శవాన్ని తీసుకువెళుతుంటే అక్కడికి రాగానే మా బండి టైరు పేలింది. యాదవ్ తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచి, చేయి కడుక్కుని వచ్చి, తన దగ్గరున్న టైరు వేసి పంపాడు. డబ్బులు పుచ్చుకోలేదు. దినాలయ్యాక బాబాయి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. "ఇయ్యాల నువ్వు చెప్పు," అన్నారు. నేను హిందీలో మొదలుపెట్టాను. మీరు దేవుడిలాంటివారు, మీ వంటి పుణ్యాత్ముల వల్లే ఈ లోకంలో ధర్మం నిలిచింది, ఇలా. యాదవ్ ముఖం మాడ్చుకుని నా వంక చూడడం మానేసి, పక్కనున్న పానా తీసి తుడవడం మొదలుపెట్టాడు. నేను ఆపగానే బాబాయి అందుకున్నారు. టైరు ఊరి దాకా ఆగిందని, పొద్దుగూకకముందే చేరామని, చీకటి పడితే ఆ రాత్రి శవాన్ని ఊరి బయటే ఉంచాల్సి వచ్చేదని, అలా కాకుండా తల్లి వెలుతురులో కొడుకు ముఖం చూసుకుందని చెప్పారు. యాదవ్ పానా కింద పెట్టాడు. ఏ దారిన వెళ్ళారు, వంతెన దగ్గర గుంతలు ఎలా దాటారు, తల్లికి ఇంకా పిల్లలున్నారా అని ఒకటే ప్రశ్నలు. చివరికి, తనే ఆ ఊరు వెళ్ళి వచ్చినట్టు తల ఊపాడు.

తిరుగు దారిలో బాబాయి నాకు చెప్పిన మాట ఇది. "మంచోడివి అన్నవనుకో, వాడు సిగ్గుపడతడు, లేకుంటే నమ్ముతడు. రెండూ నష్టమే. వాడు ఏసిన టైరు యాడిదాక పోయిందో చెప్పు. అది వాడికి అక్కెరొచ్చే ముచ్చట." వ్యాపారి నోట లాభనష్టాల మాటలు తప్ప వేరేవి రావు గదా అని నవ్వుకున్నాను గాని, ఆ రోజు నుంచి పువ్వుల బొమ్మలు పంపడం తగ్గించాను.

పాత వ్యాను ఎన్నాళ్ళని లాగుతుంది? ఇంజను విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం. ఆస్పత్రి నుంచి ఫోను వస్తే, బండి షెడ్డులో ఉందని చెప్పాల్సిన రోజులు వచ్చాయి. ఆ మాట చెప్పిన రోజు బాబాయి అన్నం సరిగ్గా తినేవారు కాదు. అలాంటప్పుడు ఇనుప గనుల టౌన్‌షిప్‌లో లారీలు తిప్పే కాంట్రాక్టరు అప్పలరాజు గారు కొత్త బండి ఇస్తానని కబురు పంపారు. పార్వతీపురం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. వాళ్ళమ్మ పైడమ్మ గారు టౌన్‌షిప్‌లోనే పోయారట. ఆమె పేరు బండి మీద రాయించాలన్నది ఆయన కోరిక. ఒప్పుకున్నాం, ఒప్పుకోక ఏం చేస్తాం? వర్తక సంఘం వాళ్ళు సభ పెట్టారు, శాలువా కప్పారు, గజమాల వేశారు. హిందీలో సన్మాన ఉపన్యాసం రాసింది నేనే, బాగా రాశానని ఇప్పటికీ అనుకుంటాను. బండి రెండు వైపులా పసుపు రంగు అక్షరాలతో 'స్వర్గీయ పైడమ్మ స్మృతి' అని హిందీలో వెలిగిపోయింది. కాగితాలు మాత్రం ఇంకా అప్పలరాజు గారి పేరునే ఉన్నాయి, తరవాత మార్పిస్తానన్నారు. పాత వ్యానును తుక్కు కింద అమ్మేశాం.

కొత్త బండి వచ్చిన కొన్నాళ్ళకే ఉసూర్ అవతలి పల్లె నుంచి వచ్చిన ముత్తయ్య అనే ముసలాయన కూతురు ఆస్పత్రిలో జ్వరంతో పోయింది. దోర్ల తెగ మనిషి, సరిహద్దు తెలుగు బాగానే మాట్లాడతాడు. నేను, బాబాయి ఆవరణలో ఉన్నాం. లింగయ్య తలుపు తీసి పట్టుకున్నాడు. ముసలాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, పసుపు అక్షరాల ముందు ఆగాడు.

"ఏం రాసిండ్రు దీని మీద?" అని అడిగాడు.

"బండి ఇచ్చినాయన తల్లి పేరు," అన్నాడు లింగయ్య.

"ఆమె ఉన్నదా?"

"లేదు. పోయింది."

"ఆమెది ఏ ఊరు?"

లింగయ్య బాబాయి వైపు చూశాడు. బాబాయి నా వైపు చూశారు. అంత పొడుగు ఉపన్యాసం రాసినదాన్ని, నాకూ తెలియదు.

"ఊరు తెల్వని మనిషిని ఎంబడి పెట్టుకొని పోతే ఆమె యాడ దిగుతది?" అన్నాడు ముసలాయన. కోపంగా అనలేదు, అడిగినట్టే అడిగాడు. "మా బిడ్డతోని మా ఊరికే వస్తది. మా ఊర్ల ఆమెకు ఎవరున్నరు? ఎవలు కూడు పెడతరు? నేను ఎక్క."

అని కూతురి పక్కన నేల మీద కూర్చున్నాడు. లింగయ్య తాడిపత్రి పట్టా కప్పి అక్షరాలు మూస్తానన్నాడు. మూస్తే ఆమె లేకుండా పోతుందా అన్నాడు ముసలాయన. అది వాళ్ళందరి ఆచారమో, ఆయనొక్కడి పట్టింపో నాకు తెలియదు, అప్పుడు అడగాలనిపించలేదు. ఎండ పెరుగుతోంది. శవాన్ని ఎక్కువసేపు ఉంచే వీలు లేదు. బాబాయి గేటు బయటికి వెళ్ళి, ఎదురుగా ఉన్న రంగుల దుకాణంలో తెల్ల ఎనామిల్ డబ్బా, కుంచె పట్టుకొచ్చారు. పంచె ఎగగట్టి, ఇటువైపు ఒకసారి, అటువైపు ఒకసారి, పైడమ్మ గారి పేరు మీద రంగు కొట్టేశారు. ఆయనకు రంగు వేయడం చేతకాదు. సగం చొక్కా మీదే పడింది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ముసలాయన లేచి వచ్చి, చూసి, కూతురిని ఎక్కించాడు. బాబాయి కూడా వాళ్ళతో వెళ్ళారు.

మర్నాడు తిరిగి వచ్చాక నేను ఆయన వెంటపడ్డాను. అప్పలరాజు గారికి ఈ సంగతి తెలియకూడదు, రిపేరుకు ఇస్తే మెకానిక్కు పొరపాటున కొట్టేశాడని చెప్పి మళ్ళీ రాయిద్దాం, లోపలి ఊళ్ళకు వెళ్ళేటప్పుడు మాత్రం ఏదో ఒకటి చేద్దాం అన్నాను. బండి తీసేసుకుంటే మనకింక ఏమీ లేదు, పాతది తుక్కు అయిపోయింది, రేపు ఆస్పత్రి నుంచి ఫోను వస్తే ఏం చెబుతారు అని కూడా అన్నాను. ఇప్పుడు అడిగినా ఆ భయం తప్పని అనను. భయపడాల్సిన విషయమే.

బాబాయి చేతికి అంటిన రంగు కిరసనాయిలుతో తుడుచుకుంటున్నారు. "ఇచ్చినోనికి దక్కేది ఏంది బిడ్డా? తను ఇచ్చింది ఏమైందో తెలుసుడు, గదొక్కటే. అది కూడ మనం దాసుకుంటే ఇగ ఆయనకు ఏం మిగులుతది?" అన్నారు.

"బండి పోతే?"

"పోతే పోతది. అబద్ధం చెప్పి ఉంచుకుంటే ఆ బండి ఇచ్చింది ఆయన కాదు, మనం దొంగిలించినట్టు."

దినాలు అయ్యే దాకా ఆగారు, తన పద్ధతి ప్రకారమే. ఈలోగా ఎవరైనా వచ్చి బండి చూసి అప్పలరాజు గారికి చెబుతారేమోనని నాకు ప్రాణం అరచేతిలో ఉండేది. ఆ రోజు రానే వచ్చింది. టౌన్‌షిప్‌లో వాళ్ళింటి ముందుగదిలో పైడమ్మ గారి ఫోటోకు దండ వేసి ఉంది, దాని ముందు మూతికి గుడ్డ కట్టిన చెంబు ఉంది, ఆ ఫోటో కిందే కూర్చున్నాం. బాబాయి ఎక్కడా మెత్తబరచకుండా, పెంచకుండా జరిగింది జరిగినట్టు చెప్పారు. ముసలాయన అన్న మాటలు కూడా ఉన్నవున్నట్టు చెప్పారు. అప్పలరాజు గారి ముఖం నల్లబడింది.

"మాయమ్మ పేరు మీద రంగు కొట్టేసినారా?" అన్నారు. "నాకో ఫోను సెయ్యడానికి మీకు తీరిక నేకపోయిందా? నానిచ్చిన బండి మీద, మాయమ్మ పేరు."

"ఫోను చెయ్యలే. చేస్తే మీరు వద్దందురు. వద్దంటే ఆ పిల్ల అట్లనే ఉండేది," అన్నారు బాబాయి. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "బండి మీది, కాగితాలు మీ పేరున్నయ్. తీసుకుంటనంటే నాకు మాట లేదు. ఒక్కటి అడగనీకే వచ్చిన. అమ్మది ఏ ఊరు? ఆయన అడిగిండు, నాకు తెల్వలే. బండి తీసుకున్ననాడే అడగాల్సింది."

అప్పలరాజు గారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. కాసేపు కూర్చున్నాం. పనిమనిషి వచ్చి, "అయ్యగారు పడుకున్నారండి," అంది. తాళంచెవి బల్ల మీదే వదిలేసి లేచాం. బండిని వాళ్ళ గేటు ముందే వదిలి, లింగయ్యతో కలిసి ముగ్గురం బస్సులో ఇంటికి వచ్చాం. ముఖాన నెత్తురుచుక్క లేకుండా కూర్చున్న నన్ను చూసి బాబాయి శనక్కాయలు కొనిచ్చారు. నాకు ఆయన మీద పీకల దాకా కోపం ఉంది. ఒలిచి తింటూనే కోపంగా ఉన్నాను.

ఆ తరవాతి రోజులు బాగా గడవలేదు. ఆస్పత్రి నుంచి రెండు మూడు ఫోన్లు వచ్చాయి. బాబాయి తెలిసినవాళ్ళ జీపు అడిగి ఒకరిని పంపారు, ఒకరికి దొరకలేదు. వర్తక సంఘంలో ఒకరు, రామకోటయ్యకు సత్యహరిశ్చంద్రుడి పూనకం వచ్చింది అని నా ఎదుటే అన్నారు. లింగయ్య వేరే పని చూసుకోమంటారా అని అడిగితే బాబాయి, "ఇంకొన్నాళ్ళు చూడు," అన్నారు. ఆ మాటలో ధీమా లేదు. ఆయన కూడా భయపడుతున్నారని నాకు అప్పుడు తెలిసింది.

ఒక పొద్దున దుకాణం తెరిచి నీళ్ళు చల్లుతుండగా ఆ తెల్లమచ్చల బండి వచ్చి ఆగింది. నడుపుకుంటూ వచ్చింది అప్పలరాజు గారే. లోపలికి వచ్చి కందిపప్పు బస్తా మీద కూర్చున్నారు. బాబాయి టీ చెప్పబోతే వద్దన్నారు.

"అమ్మది వేగావతి ఒడ్డునండి," అన్నారు. ఊరి పేరు చెప్పారు. ఆ పేరు నేను ఎక్కడా చెప్పను, అది వాళ్ళది. "ఆ పేరు నా నోటితో అని ఎన్నేళ్ళయిందో. అంతమందొచ్చినారు, దండలేసినారు, గొప్ప కొడుకువన్నారు. ఆవిడది ఏ ఊరని ఒక్కరడగనేదు. మీరూ అడగనేదు."

"అడగలే," అన్నారు బాబాయి.

"మంచం మీదున్నప్పుడు, 'నన్ను ఊరికి తీసుకుపోరా' అని ఒకటే గోల. నయమయ్యాక ఎల్దామన్నాను. పోయాకైనా తీసుకెల్దామంటే ఆ రోజు ఏ బండోడూ అంత దూరం రానన్నాడు. నా లారీలుండి కూడా, లారీలో ఏటి ఏసుకెల్తామని ఇక్కడే సేసేసినాం." ఆయన అరచేత్తో ముఖం తుడుచుకున్నారు. కాసేపటికి, "ఆ ముసలోడు సరిగ్గానే అడిగినాడు. ఆవిడ ఎక్కడ దిగుద్ది? నేనే దింపనేదు కదా," అన్నారు.

అంత పెద్దమనిషి బస్తా మీద కూర్చుని ఏడుస్తుంటే ఎటు చూడాలో నాకు తెలియలేదు. బాబాయి ఓదార్చలేదు. పక్కన ఇంకో బస్తా మీద కూర్చున్నారు. అప్పలరాజు గారే తేరుకుని, "ఆ పిల్ల సేరిందా?" అని అడిగారు. అప్పుడు బాబాయి మొదలుపెట్టారు. ఆవపల్లి దాటాక రంగు ఇంకా ఆరలేదని, ముసలాయన ఆనుకుంటే అరచేతికి అంటిందని, ఉసూర్ అవతల వాగు దగ్గర బండి ఆగిపోతే ఊరివాళ్ళు మంచం తెచ్చి మోసుకుపోయారని, ముసలాయన వాగులో చేయి ఎంత రుద్దినా రంగు పోలేదని, ఆ చేత్తోనే కూతురికి మట్టి వేశాడని చెప్పారు.

"ఈ ప్రయాణం మీది," అన్నారు బాబాయి చివరికి.

అప్పలరాజు గారు బండి తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. పేరు మళ్ళీ రాయమని అడగలేదు. ఆ వారంలోనే కాగితాలు సంస్థ పేరున మారాయి, అమ్మ ఫోటో ముందున్న చితాభస్మం చెంబు తీసుకుని ఆయన వేగావతికి వెళ్ళి వచ్చారని తరవాత తెలిసింది.

ఇప్పుడు మా దగ్గర మరిన్ని బండ్లున్నాయి, నా కింద పనిచేసే పిల్లలున్నారు. ఇచ్చినవాళ్ళకు ఏం రాయాలో నమూనా ఇమ్మని అడుగుతుంటారు. నమూనా లేదంటే పెద్దావిడ చాదస్తం అనుకుంటారు, నేనూ ఒకప్పుడు అనుకున్నదే. ఎవరైనా పోయినవాళ్ళ పేరున ఇస్తామని వస్తే, వాళ్ళ గురించి చెప్పమంటాను. టీ చల్లారిపోతుంది, పని ఆగిపోతుంది. చాలామంది బండి మీద పేరు సంగతి మరిచిపోయి వెళ్ళిపోతారు.

బాబాయి మొన్న వానాకాలంలో పోయారు, అదే పెద్దాసుపత్రిలో. మా బండిలోనే వాళ్ళ ఊరికి తీసుకువెళ్ళాం. పెద్దకర్మ అయ్యే దాకా ఆగి, నేను ఒక్కదాన్నే టౌన్‌షిప్‌కు వెళ్ళాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను, గుమ్మం ఎక్కేసరికి అదంతా మరిచిపోయాను. అప్పలరాజు గారు వాకిట్లోకి ఎదురొచ్చారు. ముసలివారైపోయారు. నన్ను కూర్చోమనలేదు, ఎలా పోయారని అడగలేదు.

"ఆయన్ది ఏ ఊరమ్మా?" అన్నారు. "ఇన్నేళ్ళు కలిసి తిరిగినాం, నేనడగనే నేదు."

"భోపాలపట్నం," అన్నాను.

అక్కడి నుంచి మాట దానంతటదే వచ్చింది. వాళ్ళ నాన్న ఉప్పు అమ్మిన వీధి చివరే ఇల్లని, అంత ఇరుకు వీధిలో బండి పట్టదని భయపడితే లింగయ్య అద్దాలు మడిచి పట్టించాడని, వాకిట్లో వాళ్ళ పెద్దక్క కుర్చీ వేసుకుని కూర్చుని ఉందని, కోటిగాడు వచ్చాడా అని అడిగిందని చెప్పాను. ఆమె ఆయన ముఖం తడిమిందని చెప్పాను. వాన వెలిసిందని చెప్పాను.

"ఈ ప్రయాణం మీది," అన్నాను.

"మన ఇద్దరిదీనమ్మా," అన్నారు అప్పలరాజు గారు.